పధ్నాలుగో పుస్తకం, అరవై మూడో పేజీ

మార్చి 2

అమ్మమ్మకి,

నీ పిచ్చుక నమస్కారాలు. ఫోన్ చేస్తే "మాట గాలికి పోతుంది, కాగితం మీద పెట్టు" అని పెట్టేస్తావు కదా, ఇదిగో, పెడుతున్నాను. కుర్చీలో కూర్చుని చదువు. నీ శనగ పటం మా సైటులోకి ఎక్కింది!

నిజంగా నీదే. విత్తన పరిశోధన కేంద్రంలో లెక్కల గుమాస్తాగా ఉన్నప్పుడు నువ్వు వేసిన జన్యు పటం. నలభై ఏళ్ళ నాటి నివేదిక ఒకటి మా లైబ్రరీ అటక మీద దొరికింది. చివరి పేజీలో "సహాయం: లెక్కల విభాగం" అని ఉంది. లెక్కల విభాగం అంటే నువ్వూ, ఒక కుర్చీ, అంతే అని అమ్మ ఎప్పుడో చెప్పింది. నీ ముప్ఫై ఒక్క గుణాలూ ఒక్కొక్కటే ఎక్కించాను.

మా సైటు ఏం చేస్తుందో ఎన్నిసార్లు చెప్పినా "కంప్యూటరు బొమ్మలు" అంటావు. ఈసారి విను. మొక్కలో ఏ గుణం పక్కన ఏ గుణం ఉందో చూపించే పటాన్ని తెర మీద నిలువు తాడులా వేలాడదీస్తాం. పక్కన ఇంకొకరు వేసిన పటం, ఇంకో తాడు. రెండింటిలోనూ ఉన్న గుణాన్ని ఒక గీతతో కలుపుతాం. ఇద్దరి లెక్కా ఒకటే అయితే గీతలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. ఎక్కడివాళ్ళయినా వచ్చి, ఎవరి తాడు పక్కనైనా ఎవరి తాడునైనా పెట్టి చూసుకోవచ్చు.

నీ తాడు పక్కన, ఈమధ్య వేరేవాళ్ళు పెద్ద గింజ శనగ మీద వేసిన కొత్త తాడు పెడితే ఇరవై ఆరు మెట్లు ముచ్చటగా ఉన్నాయి. మూడో క్రోమోజోమ్‌లో మాత్రం ఐదు గీతలు ఎనిమిదో తొమ్మిదో చోట్ల ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. మా సెక్షన్ హెడ్ చూసి, "ఇదెవరి అల్లికమ్మా? స్వెట్టరా?" అని నవ్వాడు. ఆయన్ని మేం ఇస్త్రీ సారు అంటాం. చొక్కా మీద మడత నలగకూడదు, తెర మీద గీత వంగకూడదు. ఏప్రిల్ 30న సైటంతా కొత్త కంప్యూటర్‌లోకి మారుతోంది. చిక్కులున్న పాత పటాలు అక్కడికి రాకూడదట.

నువ్వు బెంగపెట్టుకోకు. నేను చూసుకుంటాను.

ముద్దులతో,
పిచ్చుక

(అందినది మార్చి 6. చదివినది రెండుసార్లు.)

మార్చి 7

పిచ్చుకకి ఆశీస్సులు.

నేను బెంగపెట్టుకునే మనిషిని కాదని నీకు తెలుసు. బెంగ వేరు, కోపం వేరు. ఆ రెండోది కొంచెం ఉంది.

ముందుగా, ఎనిమిదో తొమ్మిదో అనేది అంకె కాదు. వరుస పూర్తిగా తిరగబడితే ఐదు గీతలు పది చోట్ల కోసుకోవాలి. కాగితం మీద గీసి చూసుకో. లెక్కపెట్టలేని దాని గురించి నవ్విన మీ ఇస్త్రీ సారుకి కూడా ఇది చెప్పు.

రెండవది. ఆ పటం ఎలా తయారైందో నీకెవరూ చెప్పినట్టు లేదు. నేను వృక్షశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఆ కేంద్రంలో చేరితే, "లెక్కలు బాగా వేస్తావటగా" అని గుమాస్తా కుర్చీ ఇచ్చారు. సరే అనుకున్నాను. పదకొండు పంటకాలాలు ఒక్కో మొక్క ముందు వంగి చూశాను. పువ్వు రంగు, కాండం మీద నూగు, ఆకు అంచు, గింజ మీద ముడత, కాయ కొస. రెండు గుణాలు ఎప్పుడూ కలిసే వస్తే తాడు మీద అవి దగ్గరి ఇరుగుపొరుగు. తరచుగా విడిపోతే దూరపు చుట్టాలు. ఎన్ని మొక్కల్లో విడిపోయాయో లెక్కపెడితే దూరం వస్తుంది. దూరాల నుంచి వరుస వస్తుంది. అంతే. ఇందులో అల్లిక లేదు, వీపు నొప్పి ఉంది.

పై ఐదు గుణాలే కదా కోసుకుంటున్నవి? అవునో కాదో రాయి. తెర మీది బొమ్మను కాగితం మీదకు తీసి పంపు. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు.

మోకాలు అలాగే ఉంది. మీ అమ్మకు చెప్పకు, నూనె పంపుతుంది.

అమ్మమ్మ

మార్చి 9

అమ్మమ్మా,

దొరికింది! చిక్కు విడిపోయింది!

నిన్న సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే తట్టింది. నువ్వు ఏ పనైనా దూరం నుంచి దగ్గరికి చేస్తావు కదా. అరలు సర్దితే పై అర నుంచి. పేపరు చదివితే చివరి పేజీ నుంచి. "పొలంలో కూడా చివరి మడి దగ్గర మొదలుపెట్టి గేటు వైపు వచ్చేదాన్ని, అలసిపోయేసరికి ఇల్లు దగ్గరవుతుంది" అని నువ్వే నాకు చెప్పావు. అంటే ఆ ఐదూ నువ్వు చివరి మడి నుంచి రాసుకుంటూ వచ్చావన్నమాట! అందుకే తలకిందులయ్యాయి. పాపం, ఎండలో ఎవరైనా అలాగే రాస్తారు.

ఆ ఐదింటినీ తిప్పి పెట్టాను. అంతే, ముప్ఫై ఒక్క మెట్లూ తిన్నగా నిలబడ్డాయి. ఇస్త్రీ సారు "శభాష్, ఇదీ పటమంటే" అని, అప్పటికప్పుడే కొత్త కంప్యూటర్ జాబితాలో టిక్కు పెట్టాడు. నీ పటం బతికిపోయింది.

ఇది చదివి నువ్వు నవ్వకపోతే నా మీద ఒట్టే.

పిచ్చుక

(అందినది మార్చి 13. నా ఉత్తరం ఆమెకు చేరకముందు రాసినది. చదివినది ఒక్కసారి. చాలు.)

మార్చి 13

పిచ్చుకకి,

నవ్వలేదు.

చివరి మడి నుంచి నడిచినా గేటు నుంచి నడిచినా మొక్కల సంఖ్య మారదు. కుడి నుంచి లెక్కపెడితే నీకు చేతివేళ్ళు తొమ్మిది వస్తాయా? నేను రాసింది మొక్కలు నిలబడ్డ వరుస కాదు. ఎన్ని విడిపోయాయో ఆ సంఖ్య. దాన్ని తిప్పడానికి దానికి తలా తోకా లేవు.

నా అలవాట్లు తెలుసని నా అంకెలు దిద్దావు. ప్రేమతో చేశావని తెలుసు. ప్రేమతో దిద్దినా దొంగ లెక్క దొంగ లెక్కే. పదకొండు పంటకాలాల్లో నా పుస్తకాల్లో రబ్బరు వాడలేదు, బ్లేడుతో గీకలేదు. నిన్న కాక మొన్న పుట్టినదానివి, ఒక్క సాయంత్రంలో బట్టలు మడతపెడుతూ నా పని కూడా మడిచేశావు.

ఉన్నది ఉన్నట్టుగా పెట్టు, లేదా తీసెయ్. అబద్ధం చెబుతూ అక్కడ నిలబడటం కన్నా లేకపోవడమే నాకు మర్యాద.

అమ్మమ్మ

మార్చి 19

అమ్మమ్మకి,

తీసేశాను.

ఒక్క నొక్కుడు. ముప్ఫై ఒక్క గీతలు ఉన్నచోట ఇప్పుడు తెల్లగా ఉంది. ఇస్త్రీ సారు "అదేంటి, చక్కగా కుదిరింది కదా" అన్నాడు. "లెక్కపెట్టినవారు ఒప్పుకోలేదు సార్" అన్నాను. "ఇంకా ఉన్నారా?" అన్నాడు. ఉన్నారని చెప్పాను.

మొదట్లో ఈ సైటుని నలుగురం చూసుకునేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఫిర్యాదులు నేనే చదవాలి, మరమ్మతులు నేనే చెయ్యాలి. వీటి మధ్యలో మూడు వారాలు కూర్చుని నీ పాత నివేదికలో వెలిసిపోయిన అంకెలు భూతద్దం పెట్టి ఎక్కించాను. ఎందుకో తెలుసా? ఎవరైనా తెరిచి చూసినప్పుడు మా అమ్మమ్మ పని కనబడాలని. దానికి నాకు దక్కిన పేరు దొంగ.

అమ్మతో చెప్పుకుని ఏడిస్తే ఏమందో తెలుసా? "మా అమ్మ లెక్క ఎప్పుడూ తప్పదే. చుట్టూ ఉన్న మనుషులే తప్పుకుంటారు."

పిచ్చుక

(అందినది మార్చి 23. చదివినది మూడుసార్లు. మార్చి 13 నాటి నా ఉత్తరం నకలు తీసి చూశాను. "తీసెయ్" అని నేనే రాశాను.)

మార్చి 25

పిచ్చుకకి,

నేను రాసే ప్రతి ఉత్తరానికీ కార్బను నకలు ఉంచుతాను. తీసి చూశాను. రెండు దారులు చూపించి, రెండోది నువ్వు పట్టవని నమ్మి రాశాను. నమ్మకం మీద రాసేది ఉత్తరం కాదు, పందెం. తప్పు నాది. డైరీలో తేదీ వేసి నమోదు చేశాను. దొంగ అన్న మాట నిన్ను కాదు, లెక్కని. అయినా తగిలింది నీకే కాబట్టి అది కూడా నమోదు చేశాను.

మీ అమ్మ మాటకు జవాబు మీ అమ్మకే విడిగా రాస్తాను.

ఇప్పుడు నీకు చెప్పనిది ఒకటి చెబుతాను. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళు లేరు కనుక.

నివేదికలో ఉన్న పటం రెండు నాటు శనగ రకాలను సంకరం చేసి వేసినది. ఆ తర్వాతి ఏడాది నాటు రకాన్ని బయటి నుంచి తెప్పించిన పెద్ద గింజ రకంతో కలిపారు. నాలుగు వందల పన్నెండు మొక్కలు. ఆ ఐదు గుణాలూ ఒక్క మొక్కలో కూడా విడిపోలేదు. కట్టగట్టుకుని వస్తే ఐదూ వచ్చాయి, లేకపోతే ఐదూ లేవు. విడిపోయినవి: సున్న. పధ్నాలుగో పుస్తకం, అరవై మూడో పేజీ.

మా పెద్ద సారు చూశాడు. "అమ్మాయ్, నాలుగు వందల్లో ఒక్కటీ విడిపోలేదా? కునుకు తీస్తూ లెక్కపెట్టావా?"

"మళ్ళీ లెక్కపెడతాను సార్."

పెట్టాను. ఒకసారి గేటు నుంచి, ఒకసారి చివరి మడి నుంచి. సున్న.

"కొట్టేయ్ ఆ పేజీ. నివేదికలో ఇలాంటివి పెడితే నవ్వుతారు."

"నేను కొట్టను సార్. మీరు కొట్టండి. పక్కన సంతకం పెట్టండి."

ఆయన జేబులోంచి కలం తీశాడు. సంతకం మాట విని కాసేపు కలం కేసి చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. పేజీ పుస్తకంలో మిగిలింది, నివేదికలోకి మాత్రం వెళ్ళలేదు. వారం తిరక్కుండా నన్ను గోదాముకు మార్చారు. రెండేళ్ళు విత్తనాల బస్తాలు తూచాను. అవీ సరిగ్గానే తూచాను.

అప్పుడే నాకు ఒక అనుమానం. తాడులో ఒక ముక్క తెగి, తలకిందులై, మళ్ళీ అక్కడే అతుక్కుందనుకో. మన నాటు రకాలన్నిటిలో అలాగే ఉంటే, వాటిలో వాటిని కలిపినప్పుడు గుణాలు మామూలుగానే విడిపోతాయి. వరుస ఒక్కటే తిరగబడి ఉంటుంది. నాటు రకాన్ని బయటి రకంతో కలిపితే మాత్రం ఆ ముక్కకీ ఈ ముక్కకీ జత కుదరదు. జత కుదరనిచోట గుణాలు విడిపోయిన పిల్ల మొక్కలు మిగలవు. అదే సున్న.

కానీ మన వరుస తిరగబడి ఉందని చెప్పాలంటే, పక్కన తిరగబడని వరుస ఇంకొకటి కావాలి. అది నా దగ్గర లేదు. నీ తెర మీద ఉంది. నలభై ఏళ్ళు నేను చూడలేనిది నీ సైటు ఒక్క నిమిషంలో చూపించింది. చూపించినదాన్ని నువ్వు ఇస్త్రీ చేశావు.

అరవై మూడో పేజీ నకలు జత చేస్తున్నాను. అసలు పుస్తకం ఇల్లు దాటదు. పక్కింటి దర్జీ ఆవిడ అంకెలు పైకి చదివింది, నేను సరిచూసుకున్నాను. మధ్యలో ఆవిడ "అమ్మగారూ, ఇన్ని మొక్కలు లెక్కపెట్టారు, ఒక్క పువ్వయినా తల్లో పెట్టుకున్నారా?" అని అడిగింది. శనగ పువ్వు తల్లో నిలవదని చెప్పాను.

అమ్మమ్మ

ఏప్రిల్ 4

అమ్మమ్మా,

నీ పేజీ అందింది. ముందు నన్ను క్షమించు, తర్వాత మిగతాది చదువు.

పాత నకలు నా దగ్గరే ఉంది కాబట్టి నీ పటాన్ని తిరిగి పెట్టాను, తిప్పకుండా, చిక్కుతో సహా. అరవై మూడో పేజీని నీ పటానికే జతచేసి మూడో తాడుగా వేలాడదీశాను. అక్కడ ఐదు గుణాలూ ఒకే చుక్క మీద పడ్డాయి. ఆ చుక్క నుంచి ఐదు గీతలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు, టీ చల్లారిపోయింది.

తర్వాత నాకొక బుద్ధి పుట్టింది. ఈ చిక్కు నీ ఒక్కదానికేనా? సైటులో ఉన్న శనగ పటాలన్నీ వెతికించాను. ఒక్కటీ లేదు. అప్పుడు సైటు పాత నకళ్ళలో వెతికాను. రెండు దొరికాయి, అమ్మమ్మా! ఎవరో మనకు తెలియని మనుషులు, వేరువేరు చోట్ల, వాళ్ళ నాటు రకాల మీద వేసిన పటాలు. అదే క్రోమోజోమ్, అవే ఐదు గుణాలు, అదే చిక్కు. రెండింటినీ ఎప్పుడో ఎవరో "శుభ్రం" చేసి తీసేశారు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో ఎక్కడా లేదు.

ఆ రెండింటినీ నీ పటం పక్కన తిరిగి పెట్టి, పరుగెత్తుకెళ్ళి ఇస్త్రీ సారుకి చూపించాను. "పాత గుమాస్తా నోటుపుస్తకం పట్టుకుని ఇప్పుడు నాకు జన్యుశాస్త్రం చెబుతావా?" అన్నాడు. "అచ్చయిన వ్యాసం ఉంటే తీసుకురా. లేకపోతే ఈ చిక్కు పటాలు మూడూ తీసెయ్."

"నేను తీయను సార్" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. తర్వాత భయమేసింది. ఆగస్టులో నా కాంట్రాక్టు అయిపోతుంది, దాన్ని పొడిగించాల్సింది ఆయనే. ఆ సంగతి ఆయన గుర్తుచేశాడు కూడా, చాలా మర్యాదగా.

ఏం చెయ్యమంటావు?

పిచ్చుక

(అందినది ఏప్రిల్ 8. చదివినది రెండుసార్లు. దర్జీ ఆవిడకు పైకి చదివి వినిపించినది ఒకసారి.)

ఏప్రిల్ 9

పిచ్చుకకి ఆశీస్సులు.

ఏం చెయ్యాలో నేను చెబితే, రేపు ఆయన ఎదురుగా నిలబడేది నా మాట అవుతుంది, నువ్వు కాదు. "తీయను" అన్నది నువ్వే కదా. భయమేస్తే వేయనీ. నాకూ వేసింది, అయినా ఆ పేజీ మీద కలం పెట్టలేదు.

అయితే ఒకటి అడుగుతాను. ఆ రెండు పటాలు ఎవరు తీశారో తెలియదని రాశావు. అదేం పుస్తకమే మీది? లెక్కల పుస్తకంలో ఎవరు ఏది కొట్టేసినా కింద ఉన్న అంకె కనబడాలి, పక్కన కొట్టినవాడి సంతకం ఉండాలి. ఈ నియమం నేను కనిపెట్టింది కాదు, మా పుస్తకాల మొదటి పేజీలోనే అచ్చేసి ఉండేది. దాన్ని నేను పాటించాను, మిగతావాళ్ళు చదవలేదు. ప్రపంచమంతా వచ్చి చూసుకునే మీ సైటులో, చప్పుడు లేకుండా మాయం చేసే వీలు ఎవరు పెట్టారు? మొదట్లో నలుగురం చూసుకునేవాళ్ళం అని రాశావు. ఆ నలుగురిలో నువ్వూ ఉన్నావు.

ఆయనతో వాదించకు. ఇస్త్రీ పెట్టెతో వాదించేవాళ్ళకి చెయ్యి కాలుతుంది. ఆయనకు సంతకం పెట్టడానికి చోటు చూపించు. అది చాలు.

ఉద్యోగం పోతే పోతుందని తేలిగ్గా అనను. రెండేళ్ళు బస్తాలు తూచినదాన్ని, ఆ బరువు నాకు తెలుసు. కానీ ఆ రెండేళ్ళలో అద్దంలో నా మొహం చూసుకోవడానికి ఒక్కరోజు కూడా ఇబ్బంది పడలేదు. ఇది ఓదార్పు కాదు, నమోదు.

అవసరమైతే నేనే వస్తాను. మోకాలు నొప్పి కాబట్టి నా కుర్చీ నేనే తెచ్చుకుంటాను. ఆయన బల్ల ఎదురుగా కూర్చుని నాలుగు వందల పన్నెండూ ఒక్కొక్కటిగా చదువుతాను. మొదటి వంద దాటేదాకా కూర్చునే ఓపిక ఆయనకు ఉందో లేదో చూద్దాం.

అమ్మమ్మ

మే 2

అమ్మమ్మకి,

నువ్వు రానక్కర్లేకపోయింది. నీ కుర్చీ రాకపోయినందుకు మా సెక్షన్‌లో అందరికీ కొంచెం నిరాశే.

నీ ఉత్తరం చదివాక రెండు వారాలు పట్టింది. సైటులో పటం తీసేసే చోట ఒక చిన్న పెట్టె పెట్టాను. ఎవరు తీసినా అందులో తమ పేరూ కారణమూ రాయాలి. రాయకపోతే తీయడానికి వీల్లేదు. రాస్తే, పటం ఉన్న చోటే ఆ పేరూ కారణమూ అందరికీ కనబడుతూ ఉంటాయి. చెరపడం కుదరదు. ఈ మార్పు చెయ్యొచ్చా అని నెలవారీ సమావేశంలోనే అడిగాను. "మంచిదే, పద్ధతిగా ఉంటుంది" అని అందరికన్నా ముందు ఒప్పుకున్నది ఇస్త్రీ సారే! పద్ధతి అంటే ఆయనకు ప్రాణం కదా.

ముప్ఫయ్యో తారీఖు మధ్యాహ్నం ఆయన నా పక్కన నిలబడి, "ఆ మూడూ తీశావా?" అన్నాడు.

"లేదు సార్. మీరు తీయండి. ఇదిగో, ఇక్కడ మీ పేరు, ఇక్కడ కారణం."

కుర్చీ ఇచ్చాను. కూర్చున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. పేరు రాసే చోట గీత మిణుకుమిణుకుమంటోంది. ఆయన మొదటి అక్షరం కొట్టాడు, చెరిపాడు. మళ్ళీ కొట్టాడు, చెరిపాడు. నేను లెక్కపెట్టాను అమ్మమ్మా, నాలుగుసార్లు. తర్వాత లేచి, "ఉండనీలే. కానీ మూడింటి మీదా ఎర్రగా 'సందేహాస్పదం' అని రాయి" అని వెళ్ళిపోయాడు.

మూడూ కొత్త కంప్యూటర్‌లోకి వచ్చాయి, ఎర్ర అక్షరాలతో. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసి నీ మొహాన సందేహాస్పదం అని రాయాల్సివచ్చింది. రాసింది నా చేత్తోనే. దాని కింద "లెక్కపెట్టినవారు" అన్నచోట లెక్కల విభాగం అన్న మాట తీసేసి, నీ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. పెట్టెలో నా పేరూ కారణమూ రాసే తీశాను. కారణం: అక్కడ విభాగం లేదు, ఒక మనిషి ఉంది.

ఇంకొకటి. నిన్న సైటుకి ఒక ఈమెయిల్ వచ్చింది, ఎక్కడో శనగలో కొత్త వంగడాలు తయారుచేసే ఆయన నుంచి. నాటు రకంలో ఉన్న ఎండు తెగులు తట్టుకునే గుణాన్ని పెద్ద గింజ రకంలోకి తేవాలని ఆరేళ్ళుగా చూస్తున్నాడట. ఆ గుణం వచ్చినప్పుడల్లా దాని వెంటే ముడతల గింజ కూడా వచ్చేస్తోందట, ఎన్ని వేల మొక్కలు పెంచినా విడిపోవట. "ఎర్ర అక్షరాలు కనబడి తెరిచి చూశాను. ఆ నాలుగు వందల పన్నెండు లెక్కపెట్టినవారు ఉంటే నా నమస్కారం చెప్పండి. ఆరేళ్ళుగా నేను తలుపు అనుకుని గోడను తోస్తున్నాను" అని రాశాడు.

చెబుతున్నాను.

ఆగస్టు సంగతి ఇస్త్రీ సారు ఇంకా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తెర మీది బొమ్మ కాగితం మీదకు తీసి పంపుతున్నాను. నువ్వు మార్చిలో అడిగావు, ఆలస్యానికి మన్నించు.

పిచ్చుక

(అందినది మే 6. ఎన్నిసార్లు చదివినదీ లెక్క పెట్టలేదు.)

మే 7

పిచ్చుకకి ఆశీస్సులు.

ఎర్ర అక్షరాల గురించి ఏడవకు. సందేహం ఆయనది, అంకె నాది. ఎవరిది వారి పేరు కింద ఉంటే చాలు. పైగా ఎర్రగా రాస్తే దూరం నుంచే కనబడుతుందని ఆ వంగడాలాయన రుజువు చేశాడు. మీ ఇస్త్రీ సారుకి నా తరఫున ధన్యవాదాలు చెప్పు, వెటకారం లేకుండా చెప్పు. నాలుగుసార్లు చెరిపిన మనిషి, మా పెద్ద సారుకన్నా మూడుసార్లు ఎక్కువ ఆలోచించాడు.

వంగడాలాయనకు రాయి: గోడ అని తెలిసింది కాబట్టి తోయడం మానమను. తెగులు తట్టుకునేవాటిలోనే, ఆ ముక్క తలకిందులు కాని నాటు రకం ఎక్కడైనా ఉందేమో వెతకమను. దాన్ని కలిపితే విడిపోతాయి. పదిహేనో పుస్తకంలో అలాంటి అనుమానం ఉన్న రకాలు రెండు రాసి ఉంచాను. పేజీ నకలు కావాలంటే అడగమను. ఈసారి దర్జీ ఆవిడ పైకి చదవడమే కాదు, నకలు తనే రాస్తానంటోంది.

ఆగస్టులో ఏమైనా, నీ పెట్టె అక్కడ ఉంటుంది. నిన్ను తీసెయ్యాలన్నా ఎవరో ఒకరు పేరు రాయాల్సిందే.

నువ్వు పంపిన బొమ్మను బల్ల మీద పరిచాను. స్కేలు పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో, ఆ ఐదు గీతలు కోసుకున్న చోటల్లా చుక్క పెట్టాను. ముందు పై నుంచి కిందికి, తర్వాత కింది నుంచి పైకి.

పది.

లెక్క సరిపోయింది.

అమ్మమ్మ